కూతకు వెళ్లినవాడు తిరిగిరావాలి

మా పలనాటివాళ్లకు రెండు పనులు బాగా చేతనవునని లోకంలో వాడుక. ఒకటి పౌరుషానికి పోవడం. రెండోది, అలా పోయినవాళ్లలో ఎవడు గొప్పవాడా అని తరతరాలు తగాదాపడడం. మొదటి పని మా పెద్దలు పన్నెండో శతాబ్దంలోనే పూర్తిచేసి వెళ్లారు. రెండోది మేము ఇప్పటికీ చేస్తూనే వున్నాము. కారెంపూడిలో కార్తీకమాసంలో వీరుల ఉత్సవాలు జరిగే అయిదు రోజులూ ఏ చెట్టుకింద నలుగురు చేరినా అదే మాట: బాలచంద్రుడు గొప్పవాడా, కన్నమదాసు గొప్పవాడా? నరసరావుపేటలో తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే నేను ఆ దారిన పోతే "మాస్టారినడగండి, తేలుస్తారు" అంటారు. శ్రీనాథుడి పేరుతో మనకు దక్కిన పల్నాటి వీరచరిత్ర నేను పాఠం చెబుతాను గనక తీర్పు నా జేబులో వుంటుందని వారి నమ్మకం. నేను ఎటు చెప్పినా రెండోవైపు వాళ్లు మొహం తిప్పుకుంటారు. అందుచేత బస్సుకు వేళయిందని చెప్పి తప్పించుకోవడం అలవాటు చేసుకున్నాను.

మొన్న సంక్రాంతికి ఇల్లాంటి తగాదాయే మా ఇంటికి అమెరికానుంచి విమానమెక్కి వచ్చింది.

మా అక్కయ్య కొడుకు డాలస్‌లో వుద్యోగం చేస్తున్నాడు. పండక్కి వచ్చాడు. గురజాల దగ్గర మా సొంతవూళ్లో, నాపరాళ్లు పరిచిన అరుగుమీద, రాత్రి భోజనాలైన తరవాత చేరాము - మా పెదనాన్న, నేను, వాడూ. పెద్దమ్మ లోపల అరిసెలు డబ్బాలకెత్తుతున్నది. వాడు ఫోనులో ఎవరితోనో అరగంటసేపు ఇంగ్లీషులో ఆవేశంగా వాదించి పెట్టేశాడు. వుద్యోగానికేమైనా ముప్పు వచ్చిందేమోనని మేము హడలిపోయాము. తీరా కనుక్కుంటే, అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇంతవరకు పుట్టిన రన్నింగ్ బ్యాకులందరిలోకి ఎవడు గొప్పవాడన్నది విషయం!

"రన్నింగ్ బ్యాకంటే ఏమిట్రా?" అన్నాడు పెదనాన్న.

వాడు చెప్పింది మీకూ చెబుతాను. ఆ ఆటకు ఫుట్‌బాల్ అని పేరేగాని కాలితో పని తక్కువ. బంతి గుండ్రంగా వుండదు. రెండు కొసలూ మొనదేలి వుంటుంది. అటు పదకొండుమంది, ఇటు పదకొండుమంది. బంతి చేతనున్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు సాగాలి. సాగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. లేకపోతే బంతి అవతలివాళ్ల పాలు. ఆ బంతిని చంకలో ఇరికించుకుని, మీదపడేవాళ్లను తోసుకుంటూ, తప్పించుకుంటూ పరుగెత్తేవాడు రన్నింగ్ బ్యాకు. వాడు గడించిన ప్రతి గజమూ పద్దులో ఎక్కుతుంది.

"మన చెడుగుడులో కూతకెళ్లేవాడన్నమాట" అన్నాడు పెదనాన్న. ఆయనకు డెబ్భై మూడేళ్లు. వయసులో వున్నరోజుల్లో ఈ చుట్టుపక్కల పదూళ్లలో కూతకు ఆయన పెట్టింది పేరు. ఆయన్ను పట్టినవాడు లేడని చెప్పుకుంటారు. నేను పుట్టేనాటికే ఆయన బరిలోకి దిగడం మానేశాడు. అయినా ఆ కథలు వింటూనే పెరిగాను.

మావాడు డాలస్‌లో వుంటున్నాడు గనక ఆ వూరి జట్టు ఆటగాడు ఎమిట్ స్మిత్ పక్షం. 1990నుంచి 2004వరకు పదిహేను సీజన్లు ఆడి 18,355 గజాలు పరుగెత్తాడట. అంతకు మించినవాడు ఈనాటికీ లేడు. ఫోనులో వాదించిన స్నేహితుడిది షికాగో. అతనికి వాల్టర్ పేటన్ దేవుడు. పేటన్ పదమూడు సీజన్లలో ఒక్కటంటే ఒక్క ఆట తప్పించి అన్నీ ఆడి 16,726 గజాలు సంపాదించాడు. పక్కగీత దాటి బయటికి అడుగేస్తే దెబ్బ తగలకుండా తప్పించుకోవచ్చునట. పేటన్ అలా పోయేవాడు కాడు, మీదికి వచ్చేవాడికి తనే ఎదురుపోయేవాడు. 45 ఏళ్లకే, 1999లో కాలేయవ్యాధితో పోయాడు. ఆయన పేరు చెప్పేటప్పుడు షికాగోవాళ్ల గొంతు ఇప్పటికీ మారుతుందంటాడు మావాడు.

"మరి ఇంకా పాతకాలంవాళ్లు లేరా?" అని నేనడిగాను. పాతవాళ్లంటే నాకు కొంచెం పక్షపాతం, వృత్తిదోషం.

వున్నాడు. జిమ్ బ్రౌన్. 1957నుంచి 1965వరకు తొమ్మిది సీజన్లు ఆడితే ఎనిమిదింట అందరికంటె ఎక్కువ గజాలు ఆయనవే. మొత్తం 12,312. స్మిత్ లెక్కతో చూస్తే తక్కువే. కాని ఆ రోజుల్లో సీజనుకు మొదట పన్నెండు, తరవాత పధ్నాలుగు ఆటలే, 2021నుంచి పదిహేడు. ఆడిన ఆటలతో భాగించి చూస్తే బ్రౌన్‌కు ఆటకు 104 గజాలు పడతాయి. జీవితమంతటి లెక్కలో ఆటకు నూరు దాటినవాడు మరొకడు లేడు. ముప్ఫయ్యేళ్లకు, 1966లో, సినిమాలో వేషం కోసం లండన్ వెళ్లి, అక్కడినుంచే ఇక ఆడనని చెప్పేశాడు. ఇంకొకడు బారీ శాండర్స్. పొట్టివాడు. అయిదడుగుల ఎనిమిదంగుళాలు. పదిమంది చుట్టుముట్టిన చోట ఒక్కసారి బొంగరంలా తిరిగి మరోవైపు తేలేవాడు. పేటన్ రికార్డుకు 1,457 గజాల దూరంలో వుండగా, ఒంట్లో సత్తువ వుండగానే, 1999లో సొంతవూరి పత్రికకు నాలుగు ముక్కలు ఫ్యాక్సులో పంపి మానుకున్నాడు. ఇంకొక్క మంచి ఏడాది ఆడివుంటే రికార్డు అతనిది. చిత్రమేమిటంటే, అతని తండ్రి మాత్రం కొడుకు కంటె జిమ్ బ్రౌనే గొప్పవాడనేవాడట. మన ఇళ్లలో అయితే తల్లి వూరుకునేదా?

నాకు ఆ శాండర్సు నచ్చాడు. పెదనాన్నకు మాత్రం ఎవడూ నచ్చలేదు. అంతా విని, చుట్ట ఆర్పి, ఒక్క ప్రశ్న వేశాడు.

"అంతదూరం పరుగెత్తినవాడు మళ్లీ వెనక్కి రావక్కర్లేదా?"

"అక్కర్లేదు తాతయ్యా. ముందుకు పోవడమే. పడేసినచోట ఆట ఆగుతుంది."

"అయితే అది సగం ఆటేరా" అన్నాడు పెదనాన్న.

నేను నవ్వబోయి ఆగాను. ఆలోచించినకొద్దీ ఆ మాటలో పస కనిపించింది. మన చెడుగుడులో వున్న కీలకమంతా తిరిగిరావడంలోనే వుంది. పద్మవ్యూహంలో జొరబడడం అభిమన్యుడికి తెలుసు, బయటపడడం తెలియదు. మా బాలచంద్రుడూ వెళ్లాడు, రాలేదు. వాళ్లకు మనం గుడి కట్టాము, పద్యాలు కట్టాము. చెడుగుడు బరిలో మాత్రం అల్లాంటివాడికి ఏమీ దక్కదు. అవతల నలుగురిని తాకినా, ఊపిరి తెగకుండా మధ్యగీత అందుకుంటేనే ఆ నాలుగు పాయింట్లూ లెక్కకు వస్తాయి. గీతకు జానెడు ఇవతల పట్టుబడితే వాడే ఔటు.

పట్నాల్లో పెరిగిన పిల్లలకోసం నాలుగు ముక్కలు చెప్పాలి. పెద్దపోటీల్లో బరి 13 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు. జట్టుకు ఏడుగురు. ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు. కూతకు వెళ్లినవాడికి ముప్ఫై సెకండ్లు గడువు. ఎదటిపక్షంలో ఆరుగురో ఏడుగురో వుండగా లోపలి బోనస్ గీత దాటి కాలు పెట్టివస్తే ఎవరినీ తాకకపోయినా ఒక పాయింటు. వరసగా రెండు కూతలు వట్టిగా పోతే మూడోదానికి ఎలాగైనా పాయింటు తేవాలి, లేదా చావాలి. చావడమంటే భయపడకండి, తనవాడు అవతల ఒకణ్ణి చంపితే మళ్లీ బతికి లోపలికి వస్తాడు. ఇంత సులభంగా బతికించే ఆట మరొకటి నాకు తెలియదు.

"మా రోజుల్లో గడియారం లేదు. ఊపిరే గడియారం" అన్నాడు పెదనాన్న. "నల్లరేగడి దున్ని, గడ్డలు చితగ్గొట్టి, పైన ఏటి ఇసక పోసేవాళ్లం. గీతలు ముగ్గుతో గీసేవాళ్లం. ఆట సగమయ్యేసరికి ముగ్గు చెరిగిపోయేది. గీత ఎక్కడుందో పెద్దమనుషులు చెప్పాలి."

ఆ పెద్దమనుషుల మాట గుర్తుంచుకోండి. దానితో పనుంది.

మావాడు ఊరుకుంటాడా? ఫోను తీసి, "సరే తాతయ్యా, చెడుగుడులోనే చెప్పు. ఎవరు గొప్ప?" అన్నాడు. ఇక అక్కడినుంచి పన్నెండింటిదాకా నిద్రలేదు.

2014 జూలైలో ప్రో కబడ్డీ మొదలయింది. అంతకుముందు ఈ ఆట లోకానికి తెలియదని కాదు. 1936లో బెర్లిన్ ఒలింపిక్సు జరిగినప్పుడు అమరావతి - మన అమరావతి కాదు, విదర్భలోది - వ్యాయామమండలివారు అక్కడ ఆడి చూపించివచ్చారు. 1990 బీజింగ్ ఏషియాడ్‌నుంచి పతకాల ఆటల్లో చేరింది. కాని ఒక్కొక్కడు ఎన్నిసార్లు కూతకు వెళ్లాడు, ఎన్ని పాయింట్లు తెచ్చాడు అని పద్దు రాసి జనంముందు పెట్టింది మాత్రం ప్రో కబడ్డీయే. పద్దు వుంటేనే గదా తగాదా!

మన తెలుగు టైటన్స్‌కు మొదటి ఆరు సీజన్లూ కూతకు వెళ్లినవాడు రాహుల్ చౌదరి. ఉత్తరప్రదేశ్‌లో బిజ్నోర్ పిల్లవాడు. విశాఖపట్నంలో అతను తొడగొడితే జనం మనవాడేనని ఈలలు వేశారు. ఈ పోటీల్లో అందరికంటె ముందు 500 కూతపాయింట్లు దాటినవాడు అతనే. టైటన్స్‌కు మాత్రం 2025 సీజనుతో కలిపి ఒక్కసారీ కప్పు రాలేదు. అమెరికాలో శాండర్సుదీ ఇదే కథ. ఆయన ఆడినన్నాళ్లూ జట్టు ఆఖరిపోటీదాకా పోలేదు. గొప్పవాడికి గొప్ప జట్టు దొరకడం పూర్వజన్మ సుకృతం.

మావాడు ప్రదీప్ నర్వాల్ పక్షం చేరాడు. హర్యానావాడు. పట్నా జట్టుకు వరసగా మూడు కప్పులు తెచ్చాడు. 2017 సీజనులో 26 ఆటల్లో 369 కూతపాయింట్లు. ఒక్క సీజనులో అన్ని తెచ్చినవాడు ఇంకొకడు లేడు. అతని విద్యకు 'డుబ్కీ' అని పేరు. చేతులు కలిపి గొలుసుకట్టి అడ్డుపడ్డవాళ్ల కిందనుంచి, నీళ్లలో మునిగినట్టు ఒక్కసారి వంగి, గీతదగ్గర తేలడం. ఆ ఏడే హర్యానా జట్టుమీద ఒకే కూతలో ఆరుగురిని చంపి, ఎనిమిది పాయింట్లతో తిరిగివచ్చాడు. ఆరుగురికి ఆరు, జట్టంతా ఖాళీ అయినందుకు రెండు.

మావాడు అది ఫోనులో చూపించాడు. పెదనాన్న కళ్లజోడు సవరించుకుని మూడుసార్లు వేయించుకు చూశాడు. నోట మాటలేదు. ఆ చూసేంతసేపూ ఆయన ఊపిరి పీల్చలేదని నాకనిపించింది.

నేను పవన్ సెహ్రావత్ పేరెత్తాను. అతనిది గాలిలోకి లేచే విద్య. కాళ్లకోసం వంగినవాడి తలమీదుగా ఎగిరిపోతాడు. 2019 అక్టోబరు 2న ఒక్క ఆటలో 39 కూతపాయింట్లు తెచ్చాడు. 2023 వేలంలో మన టైటన్స్ అతన్ని రెండు కోట్ల అరవై లక్షల పైచిలుకుకు కొన్నారు. అంతపోసి కొన్న సీజనులో జట్టు అట్టడుగున నిలిచింది. ఇది చెప్పి నేనే నా వాదం పాడుచేసుకున్నాను.

"డబ్బు సంగతి చెబితే మావాడిదీ అంతే మామయ్యా" అన్నాడు వాడు దిగులుగా. నర్వాల్‌ను 2021లో కోటీ అరవై అయిదు లక్షలకు కొన్నారు. 2025 వేలంలో ఎవరూ పాట పాడలేదు. ఇరవై ఎనిమిదేళ్లకు ఆట మానేశాడు. అప్పటికి అతని కూతపాయింట్లు 1,800 దాటాయి. ఆ లెక్కను అందుకున్నవాడు లేడు.

"ఇందులో మనవాళ్లేరీ?" అని పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి అడిగింది. పేరున్న కూతగాళ్లలో ఎక్కువమంది హర్యానా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల పల్లెలవాళ్లు. అక్కడ ఆడే పిల్లవాడికి రైల్వేలోనో, సైన్యంలోనో వుద్యోగం కళ్లముందు కనబడుతుంది. మన పిల్లలకు ఇంటర్మీడియట్ రెండేళ్లూ ఊపిరి పీల్చుకునే తీరికే లేదు, ఇక బిగబట్టేదెప్పుడు? నేనూ కాలేజీ మాస్టారినే గనక ఇంతకంటె ఎక్కువ చెప్పను.

మాటల్లో హాంగ్‌జౌ ఏషియాడ్ సంగతి వచ్చింది. 2023 అక్టోబరు 7, ఇరాన్‌తో ఆఖరిపోటీ. 28-28 దగ్గర పవన్ కూతకు వెళ్లి, ఎవరినీ తాకకుండానే పక్కగీత దాటాడు. అతన్ని తరుముతూ ఇరానీయులు కొందరు గీత దాటారు. ఔటయింది అతనొక్కడేనా, వాళ్లు కూడానా? పాత నిబంధన ఒకటి చెబుతుంది, కొత్తది ఒకటి. ఒకసారి ఇలా చెప్పారు, ఒకసారి అలా చెప్పారు. ఆటగాళ్లు బరిలోనే కూలబడ్డారు. గంటసేపు ఆట ఆగింది. చివరికి 33-29తో మనకు బంగారం వచ్చింది.

"అన్ని కెమెరాలుండీనా?" అన్నాడు పెదనాన్న.

"అన్ని కెమెరాలుండీనే."

ఆయన కొంతసేపు వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. తరవాత, మావాడితో గాక నాతో అన్నాడు: "ఒరే అబ్బాయ్, నన్ను పట్టినవాడు లేడని వీడికి చెప్పావుట గదూ?"

"లోకమంతా చెప్పుకుంటున్నదే గదా పెదనాన్నా."

"పట్టాడొకడు."

ఆయన చెప్పింది ఇది. 1977 సంక్రాంతి, దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడే. నాగులేటి అవతలి వూరితో పందెం. గెలిచిన జట్టులో మొనగాడికి ఇత్తడిబిందె. ఆఖరి కూత పెదనాన్నది. ఇద్దరిని తాకి వెనక్కి తిరిగాడు. నేలమీద పడివున్న ఒక బక్కపలచటివాడు, అసలు లెక్కలోకి రానివాడు, రెండు చేతులతో చీలమండ పట్టుకున్నాడు. విదిలించినా వదల్లేదు. వాణ్ణి ఈడ్చుకుంటూ పెదనాన్న గీతమీదికి పడి చెయ్యి చాచాడు. చెయ్యి గీతను తాకింది. పెద్దమనుషులు చెయ్యెత్తారు. జనం భుజాలమీద ఎక్కించుకున్నారు.

"చెయ్యి తగలకముందే కూత తెగింది" అన్నాడు పెదనాన్న. "తెగి, మళ్లీ అందుకున్నాను. కేకల్లో ఎవరికీ వినపడలేదు. నాకు తెలుసు. నా కాలు పట్టుకున్నవాడికి తెలుసు. వాడి చెవి నా మోకాలి దగ్గరుంది."

ఆ తరవాత ఆయన బరిలోకి దిగలేదు. మోకాలు బెణికిందని అందరూ అనుకున్నారు. ఆయనా కాదనలేదు. మేమంతా దాన్ని జిమ్ బ్రౌన్ మానినట్టు, శాండర్సు మానినట్టు, సత్తువ వుండగానే మానడమని చెప్పుకున్నాము.

"ఆయనతో చెప్పలేదా తాతయ్యా?"

"చెప్పాను. పదేళ్ల తరవాత మాచర్ల సంతలో కనిపించాడు. ఒరే, ఆరోజు నువ్వు పట్టావురా అన్నాను. నాకు తెలుసులే అన్నాడు. మరి ఆరోజే ఎందుకు చెప్పలేదన్నాను. పట్టినవాడు చెబితే ఎవరు నమ్ముతారన్నాడు. టీ తాగించాడు. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు."

"బిందె ఇస్తానన్నాడు మీ తాత" అంది పెద్దమ్మ. ఇది ఆమెకు కొత్త సంగతి కాదు; పెళ్లయిన మూడోనాడే ఆయన చెప్పాడట. "ఆయన పుచ్చుకోలేదు. తెచ్చి నా మొహాన పెట్టాడు. ఇప్పటికీ దానిలో మంచినీళ్లు పొయ్యను. కందిపప్పు పోసుకుంటున్నాను."

నాకు ఏమనాలో తోచలేదు. నలభై ఏళ్లుగా నేను నమ్మి, పదిమందికీ చెప్పి, క్లాసులో ఒకటి రెండుసార్లు దృష్టాంతంగా కూడా వాడుకున్న కథ అది. మావాడే ముందుగా తేరుకున్నాడు.

"ఆయనిప్పుడు వున్నారా?"

"లేడు. కరోనా ఏడు పోయాడు."

పెద్దమ్మ లోపలికి వెళ్లింది. వీధిదీపం కింద కుక్కొకటి మొరిగి ఆగింది. పెదనాన్న మావాడి ఫోనువైపు చెయ్యి చూపి, ఆ ఎనిమిది పాయింట్ల కూత మళ్లీ వెయ్యమన్నాడు. వాడు వేశాడు. ఈసారి పెదనాన్న నర్వాల్‌ను చూడలేదు. గొలుసుకట్టి నిలబడ్డవాళ్లను, పక్కనుంచి దూకినవాణ్ణి, కాలికోసం చెయ్యిచాచి నేలకరుచుకుపోయినవాణ్ణి ఒక్కొక్కరినే వేలితో చూపించాడు.

"వీళ్ల పేర్లున్నాయా దాంట్లో?"

మావాడు వెతికాడు. వున్నాయి.

"చదువు" అన్నాడు పెదనాన్న.